ఆపరేషన్ జరిగిందా, ఎముక విరిగిందా? ఆర్మీ మెడికల్‌కి వెళ్ళేముందు చేయాల్సిన పనులు, వరుసగా

"అన్నా, ఏడో తరగతిలో చెయ్యి విరిగింది, ప్లేటు వేశారు, తీసేశారు కూడా. నేను ఆర్మీకి పనికొస్తానా?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నన్ను అడుగుతూనే ఉన్నారు. చెయ్యి బదులు మోకాలు, ప్లేటు బదులు అపెండిక్స్, ఆర్మీ బదులు నేవీ, అంతే తేడా. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే మొత్తం ఒక్కచోట వరుసగా రాస్తే మేలనిపించింది.

ఆపరేషన్ అయిందన్న ఒక్క కారణంతో అందరినీ వెనక్కి పంపరు. మెడికల్‌లో డాక్టర్లు చూసేవి మూడు. గాయమైన చోటు ఇప్పుడు ఎలా పనిచేస్తోంది, ఆపరేషన్ అయ్యి ఎన్ని వారాలైంది, దానికి మీ దగ్గర ఏం కాగితం ఉంది. కుర్రాళ్ళు మొదటిదాని గురించే టెన్షన్ పడుతుంటారు కానీ, నా కళ్ళముందు ఆగిపోయినవాళ్ళలో చాలామంది రెండోదాని దగ్గరో మూడోదాని దగ్గరో ఆగారు. ఆ రెండూ ముందుగా జాగ్రత్తపడితే తప్పించుకోగలిగినవే, అందుకే బాధ.

1. మీరు వెళ్ళే దారి ఏదో ముందు తేల్చుకోండి

అందరికీ ఒకే మెడికల్ కాదు. అగ్నివీర్‌గా ఆర్మీకి వెళ్తుంటే ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత ర్యాలీలో పరుగు, పుల్‌అప్స్ వగైరా, ఆ తర్వాత మెడికల్. ఆఫీసర్ దారిలో, అంటే ఎన్డీయే (ఇంటర్ తర్వాత), సీడీఎస్ (డిగ్రీ తర్వాత) లాంటి పరీక్షల దారిలో, ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూలో రికమెండ్ అయ్యాక మిలిటరీ ఆసుపత్రిలో స్పెషల్ మెడికల్ బోర్డు ఉంటుంది, అది నాలుగైదు రోజులు సాగుతుంది. విమానం నడిపే బ్రాంచికైతే ఢిల్లీలోని ఎయిర్‌ఫోర్స్ సెంట్రల్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లోనో, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లోనో పరీక్షిస్తారు. అక్కడి పట్టింపు మామూలు మెడికల్ కంటే చాలా ఎక్కువ.

యూపీఎస్సీ ఇచ్చే ఎన్డీయే, సీడీఎస్ నోటిఫికేషన్ల చివర వైద్య ప్రమాణాల అనుబంధం ఒకటి ఉంటుంది. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌కి వేర్వేరుగా రాస్తారు. సిలబస్ పేజీ పదిసార్లు చూసేవాళ్ళు ఈ పేజీల్ని ఒక్కసారీ తెరవరు. మీరు అగ్నివీర్ అభ్యర్థి అయినా సరే, ఆపరేషన్ చరిత్ర ఉంటే వాటిని చదవండి. బోర్డు ఏ కోణంలో చూస్తుందో అర్థమవుతుంది. నేను కింద ఇచ్చే వారాల లెక్కలు ఎక్కువగా ఆ అనుబంధాల్లోవే. మీ ఎంట్రీకి వచ్చిన తాజా నోటిఫికేషన్‌తో పోల్చి చూసుకునే ముందుకెళ్ళండి.

2. మీ కేసు ఏ రకమో గుర్తించండి

సరిచేయించుకుంటే పోయేవి: చెవిలో గులిమి, ముక్కు దూలం వంకర, టాన్సిల్స్, వరిబీజం, వేరికోసిల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం), మొలలు, మగవాళ్ళకి రొమ్ములు పెరగడం, బరువు ఎక్కువో తక్కువో ఉండటం. ఇలాంటివి మెడికల్‌కి రాకముందే సరిచేయించుకోమని నోటిఫికేషన్‌లోనే సలహా ఇస్తారు. ఇవి ఉన్నాయని తెలిసీ "అక్కడ చూద్దాంలే" అనుకోవడం పెద్ద తప్పు.

ఆపరేషన్ తర్వాత చెప్పినన్ని వారాలో నెలలో గడిచాకే చూసేవి: హెర్నియా, పిత్తాశయం ఆపరేషన్లు, రాడ్లూ ప్లేట్లూ తీసేసిన ఎముకలు, కళ్ళకి లేసిక్, అంటే అద్దాలు అక్కర్లేకుండా చేసే లేజర్ ఆపరేషన్.

దాదాపు దారి మూసుకుపోయేవి: పుర్రె తెరిచి చేసిన ఆపరేషన్, ఛాతీ లోపలి ఆపరేషన్, ప్లీహం తీసేయడం, ఒక కిడ్నీ తీసేయడం, వెన్నెముక డిస్క్ జారి ఆపరేషన్ దాకా వెళ్ళడం, పదేపదే భుజం జారడం. భుజం జారినదానికి ఆపరేషన్ చేయించుకుని గట్టిపడినా ఎయిర్‌ఫోర్స్ ప్రమాణాల్లో అది తిరస్కరణ జాబితాలోనే ఉంది. ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగి మోకాలికి ఆపరేషన్ అయినవాళ్ళు కూడా ఇక్కడే ఎక్కువగా ఆగిపోతారు. ఈ రకంలో ఉంటే రెండేళ్ళు గ్రౌండ్‌లో చెమటోడ్చే ముందు మీ కాగితాలు పట్టుకెళ్ళి, సైన్యంలో పనిచేసి రిటైరైన డాక్టర్‌కి ఎవరికైనా ఒకసారి చూపించండి. వినడానికి కష్టంగా ఉంటుంది, నాకూ చెప్పడానికి కష్టంగానే ఉంటుంది, కానీ పద్దెనిమిదేళ్ళకి తెలియడం వేరు, ఇరవై ఒకటికి తెలియడం వేరు.

3. కాగితాలు పోగు చేయండి

మా పిన్ని కొడుకు సంగతి చెబుతాను. ముంజేతికి ప్లేటు వేశారు, తర్వాత తీసేశారు, చెయ్యి మామూలుగా అయిపోయింది. పరుగులో ముందున్నాడు. మెడికల్‌లో డాక్టర్ బొటనవేలితో మచ్చ మీద పైనుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చి, మధ్యలో ఆగి, "ప్లేటు ఉందా, తీశారా? ఎప్పుడు తీశారు?" అని అడిగారట. వీడికి సంవత్సరం గుర్తుంది, నెల గుర్తులేదు. దగ్గరున్నది మొదటి ఆపరేషన్ డిశ్చార్జ్ కాగితం ఒక్కటే. ప్లేటు తీసినప్పటి ఎక్స్‌రే ఇంట్లో బీరువా వెనక గోడకి ఆనించి పెట్టారు, చెమ్మకి ఫిల్ము కవరుకి అతుక్కుపోయి, లాగితే ఎముక ఉన్న చోటే పొరలా ఊడొచ్చింది. టెంపరరీ అన్‌ఫిట్ రాశారు. చెయ్యికి ఏమీ కాలేదు, తీసిన తేదీకి రుజువు లేదు, అంతే. పాత ఆసుపత్రి చుట్టూ మూడుసార్లు తిరిగి ఆపరేషన్ నోట్స్ నకలు తెచ్చుకున్నాకే రివ్యూలో, అంటే మళ్ళీ చేసే మెడికల్‌లో, ఫిట్ అయ్యాడు. ఆ తిరిగినన్నాళ్ళూ వాడు సరిగ్గా అన్నం తినలేదు.

కావలసిన కాగితాలు ఇవి:

☐ డిశ్చార్జ్ సమ్మరీ, చేరిన తేదీ, ఆపరేషన్ తేదీ, ఇంటికి పంపిన తేదీ ఉండాలి
☐ ఆపరేషన్ నోట్స్, అంటే లోపల ఏం చేశారో సర్జన్ రాసుకున్నది. డిశ్చార్జ్ సమ్మరీ వేరు, ఇది వేరు, విడిగా అడగాలి
☐ ఆపరేషన్‌కి ముందు, తర్వాత తీసిన ఎక్స్‌రే, స్కాన్, ఫిల్ముతో పాటు రిపోర్టు కూడా
☐ ప్లేటు, రాడ్, స్క్రూ తీసి ఉంటే ఆ రెండో ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ
☐ గడ్డ గానీ, పిత్తాశయం గానీ, రొమ్ము కణజాలం గానీ తీసి ఉంటే బయాప్సీ రిపోర్టు
☐ ఈమధ్య, అంటే మెడికల్‌కి రెండు మూడు నెలల లోపు, తీయించిన కొత్త ఎక్స్‌రే
☐ స్పెషలిస్టు రాసిన ప్రస్తుత పరిస్థితి లేఖ

ఎక్స్‌రే తీయించేటప్పుడు ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, రెండూ అడగండి. విరిగిన ఎముకకి పైన ఉన్న కీలు, కింద ఉన్న కీలు రెండూ ఫిల్ములో కనిపించాలని టెక్నీషియన్‌కి ముందే చెప్పండి.

పాత ఆసుపత్రి "రికార్డులు లేవు" అంటే అక్కడితో వదిలేయకండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం చేర్చుకున్న రోగుల రికార్డుల్ని డాక్టర్ మూడేళ్ళు ఉంచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నోటితో అడగడం కాదు, తెల్లకాగితం మీద పేరు, చేరిన తేదీ, ఐపీ నంబర్ (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబర్) రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మూడేళ్ళు దాటినా చాలాచోట్ల రిజిస్టర్లో ఒక వరుసైనా దొరుకుతుంది, ఆ వరుసకి నకలు తీసి సంతకం పెట్టించుకున్నా ఏమీ లేనిదానికంటే నయమే.

అదీ దొరక్కపోతే వేరే దారులు వెతకాలి. ఆరోగ్యశ్రీలో జరిగి ఉంటే ఆ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి కేసు వివరాలు అడగండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టి ఉంటే కంపెనీ దగ్గర మీరిచ్చిన కాగితాల కాపీలు ఉండవచ్చు. రోడ్డు ప్రమాదమైతే పోలీసుల దగ్గర మెడికో లీగల్ కాగితం ఉండవచ్చు. పుత్తూరు కట్టు లాంటి నాటు కట్టు కట్టించుకుని ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ అనేదే ఉండదు కాబట్టి, ఇప్పుడే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్ళి కొత్త ఎక్స్‌రే తీయించి, "పాత ఫ్రాక్చర్, అతుక్కుంది, వంకర లేదు, కదలిక పూర్తిగా ఉంది" అన్న సంగతులు విడివిడిగా రాయించుకోండి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. బయటి డాక్టర్ ఇచ్చిన "ఫిట్" సర్టిఫికెట్‌కి మెడికల్ బోర్డు కట్టుబడి ఉండదు. ఆ లేఖ ఉపయోగం తేదీలు, చేసిన పని, ప్రస్తుత కొలతలు చెప్పడం వరకే. అందుకే "ఈ అభ్యర్థి అన్ని విధాలా సైన్యానికి యోగ్యుడు" అని రాయించుకోకండి, కొలతలు రాయించుకోండి.

4. క్యాలెండర్ వెనక్కి లెక్కపెట్టండి

మెడికల్ జరగవచ్చనుకునే నెల రాసుకోండి. అక్కడినుంచి వెనక్కి రండి.

హెర్నియా ఉదాహరణ తీసుకుందాం. పొట్ట ముందు గోడ హెర్నియా ఆపరేషన్ తర్వాత 24 వారాలు గడవాలి, రుజువు చూపాలి, కడుపు కండరాలు గట్టిగా ఉండాలి, హెర్నియా తిరిగి రాకూడదు. 24 వారాలంటే దాదాపు ఐదున్నర నెలలు. అన్‌ఫిట్ అయ్యాక అప్పీలుకి దొరికే సమయం ఆఫీసర్ ఎంట్రీల్లో గరిష్ఠంగా 42 రోజులు. "అక్కడ పట్టుకుంటే అప్పుడు చేయించుకుంటా" అన్న లెక్క ఇక్కడ ఎలాగూ కుదరదు.

ప్లేట్లు, రాడ్లు ఇంకా ఎక్కువ సమయం తింటాయి. లోపల లోహం ఉంటే అన్‌ఫిట్. తీసేశాక కనీసం 12 వారాలు ఆగితేనే పరిశీలిస్తారు. ముంజేతి ప్లేటుని సర్జన్లు సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ళ దాకా తీయరు, తొందరపడి తీస్తే ఎముక మళ్ళీ విరుగుతుందని వాళ్ళ భయం, ఆ భయం న్యాయమైనదే. తీశాక స్క్రూ రంధ్రాలు పూడేదాకా ఆ ఎముక బలహీనంగానే ఉంటుంది, బరువులూ పుల్‌అప్సూ వెంటనే కుదరవు. అంటే ప్లేటు తీయించిన రోజునుంచి పుల్‌అప్స్ మళ్ళీ పట్టుబడే వరకు ఐదారు నెలలు వేసుకోండి.

ఇదంతా మీ గరిష్ఠ వయసు దాటేలోపు పట్టాలి. పుట్టినతేదీ పక్కన పెట్టుకుని లెక్కవేయండి, ఎన్ని ప్రయత్నాలు మిగిలాయో తెలుస్తుంది.

5. ఎముకలు, కీళ్ళు: అసలు తంటా ఇక్కడే

ఫ్రాక్చర్ ఎక్కడ అయిందన్నది మొదటి ప్రశ్న. ఎముక మధ్యలో విరగడం వేరు, కీలు లోపలికి చీలిక వెళ్ళడం వేరు. ఎయిర్‌ఫోర్స్ ప్రమాణాల్లో భుజం, మోచెయ్యి, మణికట్టు, తుంటి, మోకాలు, చీలమండ వంటి పెద్ద కీళ్ళ లోపలికి వెళ్ళిన ఫ్రాక్చర్ ఆపరేషన్ చేసినా చేయకపోయినా అన్‌ఫిట్ కిందే ఉంది. మీది ఏ రకమో మీకు తెలియకపోతే పాత ఎక్స్‌రే రిపోర్టు పట్టుకెళ్ళి ఆర్థోపెడిక్ డాక్టర్‌ని "ఇది కీలు లోపలికి వెళ్ళిందా, బయటే ఉందా" అని సూటిగా అడగండి. ఈ ఒక్క జవాబు మీద మీ ప్లాను మొత్తం ఆధారపడి ఉంటుంది.

కీలుకి బయట విరిగి, ఆపరేషన్ లేకుండా కట్టుతో నయమైన పొడవాటి ఎముకలకి 9 నెలలు గడవాలి. ఆ తర్వాత వంకర, నరాలకి గానీ రక్తనాళాలకి గానీ దెబ్బ, కండ పోవడం, పనిలో లోటు, ఎముకలో చీము, వీటిలో ఏదీ ఉండకూడదు.

మోచెయ్యి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చిన్నప్పుడు చెట్టు మీంచో సైకిల్ మీంచో పడి మోచేతి పైన విరగ్గొట్టుకున్నవాళ్ళు మన దగ్గర చాలామంది. అతుక్కునేటప్పుడు కాస్త వంకరగా అతుక్కుంటే చెయ్యి లోపలివైపు తిరుగుతుంది. చొక్కా వేసుకుంటే ఎవరికీ కనపడదు. మెడికల్‌లో చొక్కా ఉండదు. అరచేతులు ముందుకి పెట్టి చేతులు నిటారుగా దించమంటారు, కోణం కొలుస్తారు. బయటికి ఉండే కోణం మగవాళ్ళకి 15 డిగ్రీలు, ఆడవాళ్ళకి 18 డిగ్రీలు దాటకూడదు. లోపలివైపు వంగితే 5 డిగ్రీలు దాటినా ఇబ్బందే. అద్దం ముందు నిలబడి రెండు చేతులూ పోల్చుకోండి, ఫోటో తీయించుకోండి, తేడా ఉంటే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గర కోణం కొలిపించుకోండి. దీనికి ఎముక కోసి సరిచేసే ఆపరేషన్ ఉంది కానీ అందులో మళ్ళీ ప్లేటు, మళ్ళీ తీయడం, మళ్ళీ వారాలు. కేవలం ఉద్యోగం కోసం అది చేయించుకోవాలా అన్నది వయసు చూసుకుని, ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం.

కాళ్ళ విషయంలో దాచలేనిది కండ తగ్గడం. కట్టులో ఆరువారాలున్న కాలు సన్నబడుతుంది, నొప్పి పోయాక కూడా ఆ సన్నదనం నెలల తరబడి ఉంటుంది. కొలిచే పద్ధతి ఇది: మోకాలి చిప్ప పై అంచునుంచి 15 సెంటీమీటర్లు పైకి కొలిచి పెన్నుతో గీత పెట్టండి, అక్కడ తొడ చుట్టుకొలత తీయండి. చిప్ప కింది అంచునుంచి 10 సెంటీమీటర్లు కిందికి గీత పెట్టి పిక్క కొలవండి. రెండో కాలికీ అలాగే. రెండు సెంటీమీటర్లకి మించి తేడా ఉంటే పరుగు కాదు, ముందు ఫిజియోథెరపీ.

6. పొట్ట ఆపరేషన్లు

ఇరవై నాలుగు గంటల నొప్పి అని అపెండిక్స్ తీసేసినవాళ్ళు ఎక్కువ భయపడతారు, అంత భయపడాల్సినదేమీ లేదు. మచ్చ పూర్తిగా మానాలి, దగ్గితే ఆ చోట ఉబ్బకూడదు, కాగితం ఉండాలి.

పిత్తాశయంలో రాళ్ళుంటే అన్‌ఫిట్. లాప్రోస్కోపీతో తీయించుకుంటే 8 వారాలు, పొట్ట కోసి తీస్తే 24 వారాలు ఆగాలి. ఆ తర్వాత లివర్ పరీక్ష, అల్ట్రాసౌండ్ మామూలుగా ఉండాలి. అల్ట్రాసౌండ్ వాళ్ళు ఎలాగూ చేస్తారు కాబట్టి మీరు ముందే ఒకసారి చేయించుకుని చూసుకోండి. నొప్పి లేని రాళ్ళు కూడా అక్కడ బయటపడతాయి, కిడ్నీలో ఉన్నవి కూడా.

దగ్గు పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. చొక్కా విప్పి నిలబడి, ఆపరేషన్ మచ్చ మీద రెండు వేళ్ళు ఆనించి గట్టిగా దగ్గండి. వేళ్ళ కింద ఏదైనా తన్నినట్టు తగిలితే సర్జన్ దగ్గరికి వెళ్ళండి. గజ్జల్లో కూడా అలాగే చూసుకోండి.

7. కళ్ళు, చెవి, ముక్కు

లేసిక్ గురించి తప్పుడు సలహాలు చాలా తిరుగుతున్నాయి. ఆఫీసర్ ఎంట్రీల్లో ఒప్పుకునే చోట షరతులు ఇవి: 20 ఏళ్ళు నిండాకే చేయించుకుని ఉండాలి, చేయించుకుని 12 నెలలు దాటాలి, ఆపరేషన్‌కి ముందు పవర్ 6 డయాప్టర్లు మించకూడదు, కార్నియా (కనుగుడ్డు ముందుండే పారదర్శక పొర) మందం 450 మైక్రాన్లకి తగ్గకూడదు, కంటి పొడవు 26 మిల్లీమీటర్లు దాటకూడదు. ఎన్డీయేకి లేసిక్ అసలు పనికిరాదు. "పదో తరగతి అయిపోయింది కదా, లేసిక్ చేయించేద్దాం" అనుకునే తల్లిదండ్రులు ఇక్కడ ఆగండి, పిల్లవాడి ఎన్డీయే దారిని చేజేతులా మూసినట్టవుతుంది. ఆపరేషన్‌కి ముందు పవర్ ఎంతో రాసిన కాగితం తప్పకుండా దాచుకోండి.

చెవికి మాస్టాయిడ్ (చెవి వెనక ఎముక) ఆపరేషన్ పెద్ద ఎత్తున జరిగి ఉంటే కష్టం. కర్ణభేరికి అతుకు వేసి ఉంటే, అది నిండుగా ఉందో లేదో, వినికిడి ఎంతో ఆడియోగ్రామ్‌తో చూసుకుని వెళ్ళండి. ముక్కు దూలం సరిచేయించుకున్నవాళ్ళకి గాలి రెండు వైపులా ఆడితే చాలు.

8. ఇంటి దగ్గర సొంత పరీక్ష

మెడికల్‌కి ఆరు నెలల ముందు ఒకసారి, నెల ముందు ఇంకోసారి చేయండి. పక్కన ఒకరుండి ఫోన్లో వీడియో తీస్తే మేలు, మన లోపం మనకి కనపడదు.

☐ మడమలు లేవకుండా పూర్తిగా కింద కూర్చుని, చేతి ఆసరా లేకుండా లేవడం
☐ బాతునడక పది అడుగులు, మోకాలు శబ్దం చేసినా పర్లేదు, నొప్పి రాకూడదు
☐ ముందు మునివేళ్ళ మీద, తర్వాత మడమల మీద నడక
☐ ఒంటికాలి మీద పది గెంతులు, రెండు కాళ్ళకీ ఒకే ఎత్తు రావాలి
☐ రెండు చేతులూ పైకెత్తి చెవులకి ఆనించడం, వెనక్కి తిప్పి వీపు మధ్య తాకడం
☐ పిడికిలి గట్టిగా బిగించి, వేళ్ళన్నీ పూర్తిగా చాచడం
☐ పడుకుని మోకాలు మడిస్తే మడమ పిరుదుకి ఎంత దగ్గరగా వస్తోందో రెండు వైపులా చూడటం

ఏ ఒక్కటి ఎడమ, కుడి తేడాగా వచ్చినా అది రాసుకోండి. ఫిజియోథెరపిస్టుకి "మోకాలు నొప్పి" అని చెప్పడం కంటే "ఎడమ మడమ నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోతోంది" అని చెబితే పని త్వరగా అవుతుంది.

9. పరుగు ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి

సర్జన్ ఒప్పుకున్నాకే. ముందు రోజూ అరగంట వేగంగా నడక, రెండు వారాలు. తర్వాత రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం మెల్లని పరుగు. దూరం వారానికి కొంచెం కొంచెం పెంచండి. వేగం మాత్రం 1.6 కిలోమీటర్లు ఆగకుండా హాయిగా పరిగెత్తగలిగాకే పెంచండి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, నోటిఫికేషన్ వచ్చిన రోజు. అప్పటిదాకా మెల్లగా సాగినవాళ్ళు ఆ మర్నాడే సిమెంటు రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు పరిగెత్తి పిక్క ఎముక నొప్పి తెచ్చుకుంటారు. మెడికల్‌లో పాత గాయం కాదు, ఆ కొత్త నొప్పి దొరికిపోతుంది. మట్టి గ్రౌండ్ వెతుక్కోండి. పరుగు మర్నాడు పొద్దున మంచం దిగగానే నొప్పి ఉంటే ఆ వారం దూరం తగ్గించండి.

10. మెడికల్ రోజు: దాచొద్దు, కథలు చెప్పొద్దు

గతంలో ఆపరేషన్లు, ఆసుపత్రిలో చేరడం, గాయాల గురించి అడుగుతారు, దాని కింద మీ సంతకం తీసుకుంటారు. ఉన్నది రాయండి. "చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది" అని సలహా ఇచ్చేవాళ్ళు మీతో పాటు శిక్షణకి రారు. మచ్చ కనపడుతుంది, అల్ట్రాసౌండ్‌లో లేని పిత్తాశయం తెలిసిపోతుంది, ఎక్స్‌రేలో స్క్రూ రంధ్రాలు కనపడతాయి. దాచినది శిక్షణలో బయటపడితే ఇంటికి పంపించేస్తారు, అప్పటికి వయసు కూడా దాటిపోయి ఉండొచ్చు.

అలాగని అడగనివన్నీ చెప్పుకుంటూ పోవద్దు. అడిగినదానికి మూడు ముక్కల్లో జవాబు చాలు. ఏం జరిగింది, ఎప్పుడు, ఇప్పుడెలా ఉంది. ఉదాహరణకి: "కుడి ముంజెయ్యి విరిగింది సార్, 2019లో ప్లేటు వేశారు, 2021 మార్చిలో తీశారు, ఇప్పుడు ఇబ్బంది లేదు, కాగితాలు ఇవిగో." ఇది అద్దం ముందు కాదు, ఒక మనిషి ముందు నాలుగుసార్లు చెప్పి అలవాటు చేసుకోండి, ఎందుకంటే లోపలి బట్టలతో నిలబడి చెప్పాల్సి వచ్చినప్పుడు తెలిసినదీ మర్చిపోతాం.

సంచిలో పెట్టాల్సినవి:

☐ కాగితాల అసలు ప్రతులు, రెండు సెట్ల నకళ్ళు
☐ పైన ఒక్క పేజీలో తేదీల వరుస, మీ చేతిరాతతోనే
☐ ఎక్స్‌రే ఫిల్ములు మడవకుండా పెద్ద కవర్లో
☐ వాడుతున్న మందులుంటే చీటీ

అసలు ప్రతులు ఎవరికైనా ఇస్తే తిరిగి తీసుకున్నారో లేదో బయటికి వచ్చేముందే చూసుకోండి. ముందురోజు చెవులు శుభ్రం చేయించుకోండి, పుల్లలు పెట్టుకోకండి.

11. అన్‌ఫిట్ అని రాస్తే

గది బయటికి వచ్చి ఏడవడం కంటే ముందు చేయాల్సింది, కాగితం మీద రాసినది అక్షరం అక్షరం చదవడం. కారణం ఏం రాశారు? టెంపరరీయా, పర్మనెంటా? రివ్యూ ఏ ఆసుపత్రిలో, ఏ తేదీలోపు? అర్థం కాకపోతే అక్కడే వినయంగా అడగండి, చెబుతారు.

ఆఫీసర్ ఎంట్రీల్లో అప్పీల్ మెడికల్ బోర్డు ఉంటుంది, గరిష్ఠంగా 42 రోజుల్లోపు. నేవీ అగ్నివీర్‌కి ఇది 21 రోజులు. ఆర్మీ ర్యాలీలో అయితే మీ చేతికిచ్చే చీటీలోనే మిలిటరీ ఆసుపత్రి పేరు, గడువు ఉంటాయి, ఆ గడువు చాలా తక్కువ. ఊరెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడి నిదానంగా వెళ్దాం అనుకుంటే అయిపోతుంది.

ఈ రోజుల్లో చేయాల్సింది:

☐ రాసిన కారణానికి సంబంధించిన స్పెషలిస్టుని ఆ వారమే కలవడం
☐ కాగితం లోపమైతే పాత ఆసుపత్రికి స్వయంగా వెళ్ళడం, ఫోన్లు చేస్తూ కూర్చోకూడదు
☐ అదే పరీక్షని మంచి సెంటర్లో మళ్ళీ చేయించి రిపోర్టు తీసుకోవడం
☐ ఆపరేషన్ చేయించుకుంటే బోర్డు తేదీకి పుండు మానుతుందా అని సర్జన్‌ని తేదీ చూపించి అడగడం

కుట్లు ఆరకుండా అప్పీలుకి వెళ్ళినవాళ్ళని చూశాను. లోపం పోయింది, కానీ పచ్చిపుండుతో మళ్ళీ అన్‌ఫిట్. గడువు సరిపోకపోతే ఆపరేషన్ నిదానంగా చేయించుకుని తర్వాతి నోటిఫికేషన్‌కి రావడమే మంచిది.

ఆఫీసర్ ఎంట్రీలో అప్పీల్ బోర్డు కూడా అన్‌ఫిట్ అంటే రివ్యూ మెడికల్ బోర్డు అడగవచ్చు. అది అప్పీల్ బోర్డు ముగిసిన ఒక్క రోజులోపు అడగాలి. అది హక్కు కాదు, సాయుధ బలగాల వైద్య సేవల డైరెక్టర్ జనరల్ కేసు బలాన్ని చూసి అనుమతిస్తారు. అనుమతిస్తే ఢిల్లీలోని ఆర్మీ రీసెర్చ్ అండ్ రెఫరల్ ఆసుపత్రిలోనో, పుణేలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్ఎంసీలోనో జరుగుతుంది. కాబట్టి అప్పీల్‌కి వెళ్ళే రోజే రివ్యూ దరఖాస్తుకి కావలసిన నకళ్ళు కూడా సంచిలో పెట్టుకోండి.

ఒక బ్రాంచికి అన్‌ఫిట్ అంటే అన్నిటికీ అన్‌ఫిట్ అని కాదు. విమానం నడపడానికి కాదన్నవాళ్ళని గ్రౌండ్ డ్యూటీకి తీసుకున్న సందర్భాలున్నాయి. అన్‌ఫిట్ కాగితంలో ఏ బ్రాంచికి రాశారో, ఏ కారణానికి రాశారో ఫోటో తీసి పెట్టుకుని, మీ వయసుకి ఇంకా తెరిచి ఉన్న ఎంట్రీల వైద్య ప్రమాణాల పేజీల్లో ఆ ఒక్క కారణాన్ని పట్టుకుని వెతకండి. ఒక్క సాయంత్రం పని అది, పక్కన ఇంగ్లీషు బాగా వచ్చిన వాళ్ళు ఒకరుంటే ఇంకా త్వరగా అవుతుంది.